ఉప్పు తిన్న బూజు

ఆవకాయ కలిపే రోజు ఇంట్లో పెద్దావిడ చెప్పే మాటలు రెండే. తడి చెయ్యి పెట్టొద్దు. ఉప్పు దగ్గర పిసినారితనం చూపించొద్దు. ఈ రెంటిలో ఏది తప్పినా నెల తిరక్కుండానే జాడీ మెడ దగ్గర తెల్లటి పొర లేస్తుంది. బూజు! ఉప్పు సరిగ్గా పడిన జాడీలో దాని ఆటలు సాగవు. దాని ఒంట్లో ఉన్న నీటిని ఉప్పు లాగేస్తుంది. అది ఎండిపోయి చస్తుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి ఏ ఇల్లాలికీ సూక్ష్మదర్శిని అవసరం రాలేదు.

మరి రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లలో మునిగి తేలే నేల మీద కూడా బూజు బతుకుతుందంటే? హాయిగా బతుకుతూ, ఆ చుట్టుపక్కల పీతలకీ రొయ్యలకీ వంట కూడా చేసి పెడుతుందంటే? వినడానికి కట్టుకథలా ఉంటుంది. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవుల బురదలో జరుగుతున్నది మాత్రం అదే.

ఆ అడవులకు తల్లాడ చాలా దూరం. ఖమ్మం నుంచి వచ్చిన రోడ్డు ఇక్కడ చీలి ఒకటి సత్తుపల్లి వైపు, ఇంకొకటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవుల వైపు పోతుంది. బస్సు మారే జనం, మిర్చి బస్తాల లారీలు, పత్తి చేలు, సాగర్ కాలువ కింద వరి మళ్లు... సముద్రం ఊసే లేని ఊరు. అయినా మడ బురద కథ ఇక్కడి నుంచి మొదలుపెడితేనే బాగా అర్థమవుతుంది. ఎందుకంటే ఆ బురదలో చాలా భాగం అక్కడ పుట్టింది కాదు. ఇలాంటి ఊళ్ల చేల నుంచీ అడవుల నుంచీ కొట్టుకుపోయినదే.

ఒకటే వంశం... మూడు పేర్లు

తల్లాడ పరిసరాల్లో 'శిలీంధ్రం' అనే మాట వాడేది వ్యవసాయాధికారులు, పురుగుమందుల షాపువాళ్లు. మిగతావాళ్లకు అది మూడు పేర్లతో తెలుసు. ఇంట్లో బూజు, చేలో తెగులు, అడవిలో పుట్టగొడుగు. మూడూ ఒకే వంశానికి చెందినవంటే ఒక పట్టాన నమ్మరు. బూజుని తుడిచి పారేస్తారు, తెగులుకి మందు కొడతారు, పుట్టగొడుగుని కూర వండుకుంటారు మరి!

పుట్టగొడుగు అన్న మాటలోనే సగం శాస్త్రం ఉంది. పుట్ట మీద మొలిచే గొడుగు అది. తొలకరి పడి నేల మెత్తబడగానే అడవి అంచు పల్లెల్లో పిల్లలు పుట్టల వెంట తిరిగేది అందుకే. చెదపురుగులు పుల్లనీ ఆకునీ నమిలి, పుట్ట లోపల తేనెపట్టులాంటి అరలు కడతాయి. వాటి మీద ఒక జాతి శిలీంధ్రాన్ని పెంచుతాయి. చెదకు అరగని కర్రని ఆ శిలీంధ్రం మెత్తబరిచి పెడుతుంది. చెద దాన్ని తిని బతుకుతుంది. వానలకి ఆ తోటలోంచి పైకి తన్నుకొచ్చేదే పుట్టగొడుగు. మనిషి నాగలి పట్టడానికి కోట్ల ఏళ్ల ముందే చెదపురుగు సేద్యం నేర్చేసిందన్నమాట. (పుట్ట మీద కనబడిందల్లా కూరకి పనికిరాదు. విషపువీ ఉంటాయి. తెలిసిన చెయ్యి కోసి తెస్తేనే పొయ్యి మీద పెట్టాలి.)

మిరప రైతుకి ఈ వంశంతో పరిచయం ఇంత తియ్యగా ఉండదు. ఖమ్మం మార్కెట్‌కి పేరు తెచ్చిన తేజ మిర్చి తోటలో, కాపు మీదున్న మొక్క ఒకరోజు పొద్దున తల వేలాడేస్తుంది. నీరు తక్కువైందేమో అనుకుని తడి పెడితే మర్నాటికి పక్క మొక్క కూడా వాలిపోతుంది. పీకి, కాండం మొదలు చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చార. ఎండు తెగులు! దీనికి కారణం ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. అది వేరులోంచి లోపలికి దూరి నీటి గొట్టాలను మూసేస్తుంది. పంట తీసేసినా మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని కూచుంటుంది. ఎకరానికి వేలకు వేలు పెట్టుబడి పెట్టిన కౌలు రైతుకి ఆ గోధుమరంగు చార ఎలా కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

తమాషా ఏమిటంటే దీనికి విరుగుడు కూడా శిలీంధ్రమే. ట్రైకోడెర్మా విరిడి. రెండు కిలోల పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువులో, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీడన కుప్ప పోసి, నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పమంటారు. వారం పది రోజులకి కుప్ప మీద బూజు అల్లుకుంటుంది. ఇంట్లో అయితే ఆ దృశ్యానికి గుండె జారుతుంది. ఇక్కడ మాత్రం రైతు మొహం వెలుగుతుంది. ఆ ఎరువుని చేలో చల్లితే ట్రైకోడెర్మా వెళ్లి తెగులు శిలీంధ్రాలను చుట్టుకుని తినేస్తుంది. ముల్లుని ముల్లుతో తియ్యడమంటే ఇదే.

మరో రకం ఉంది. అది కంటికి ఎన్నడూ కనిపించదు. మొక్క వేళ్లలో కాపురం పెట్టి, సన్నని దారాల్లాంటి పోగుల్ని మట్టిలోకి చాచి, వేరు అందుకోలేని భాస్వరాన్ని తెచ్చి ఇస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. నేల మీద మొక్కల్లో అధిక భాగం ఇలాంటి పొత్తు పెట్టుకున్నవే. ఈ పొత్తు సంగతి గుర్తుంచుకోవాలి. మడ బురదలో దీని గురించి ఒక చిక్కుముడే పడింది.

రెండు దారుల్లో ఒకే మట్టి

తల్లాడ చుట్టుపక్కల చేల మీద పడిన వాన ఎక్కువగా దక్షిణానికి నడుస్తుంది. వాగుల్లో కలిసి, వైరా, మున్నేరు వైపు దారి పట్టి, చివరికి కృష్ణమ్మ ఒడికి చేరుతుంది. అదే వాన ఉత్తరాన కొత్తగూడెం అడవుల మీద పడితే కిన్నెరసానిలోకి దిగి, భద్రాచలానికి దగ్గర్లో గోదావరిలో కలుస్తుంది. బస్సులో గంట ప్రయాణమంత దూరంలో పడిన రెండు చినుకులు ఒకటి కృష్ణలోకి, ఒకటి గోదావరిలోకి! 2014 తర్వాత ఆ రెండు నదుల చివర్లూ వేరే రాష్ట్రం అయ్యాయి గానీ, వాగులకి ఆ లెక్కలు పట్టవు.

వాన నీళ్లు ఒట్టి చేతులతో పోవు. చేలోని మెత్తని మట్టి, అడవిలో చివికిన ఆకు, పుల్లా పుడకా, వాటితోపాటు లెక్కలేనన్ని శిలీంధ్ర బీజాలు... అన్నిటినీ మూటగట్టుకుని పోతాయి. ఒక మూట ప్రకాశం బ్యారేజీ దాటి నాగాయలంక, హంసలదీవి వైపు. ఇంకో మూట పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి కాకినాడ దగ్గర కోరంగి వైపు. నది వేగం తగ్గి, సముద్రపు పోటు ఎదురొచ్చేచోట మూట విప్పుకుంటుంది. అక్కడ దిగబడిన ఒండ్రు మీద మొలిచినవే మడ అడవులు.

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ వెళ్లినవాళ్లు చెక్క వంతెన మీద నడిచి, పడవ ఎక్కి, ఫొటోలు దిగి వస్తుంటారు. చూడాల్సింది చెట్ల తలలు కాదు, కాళ్లు. తెల్ల మడ, నల్ల మడ చెట్ల చుట్టూ నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి. అవి గాలి పీల్చుకునే వేళ్లు. ఉప్పు పొన్న అయితే కాండం మీద నుంచి ఊతకర్రల్లా వేళ్లు దించి, పీటకోడు మీద నిలబడినట్టు నిలబడుతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. తెల్ల మడ ఆకుని నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ఆకుల మీదకి చెమటలా వదిలేస్తుంది కాబట్టి.

ఇన్ని పాట్లు ఎందుకంటే, కింద ఉన్న బురదలో గాలి లేదు. పైన వేలి మందం పొర తీస్తే చాలు, నల్లటి మట్టి, కుళ్లిన కోడిగుడ్డు కంపు. ప్రాణవాయువు లేనిచోట బతికే బాక్టీరియా చేసే పని అది. శిలీంధ్రాలకేమో ఎక్కువ భాగం గాలి కావాలి. ఒకపక్క ఉప్పు, ఒకపక్క ఊపిరాడని బురద, మూడోపక్క చెట్టు బెరడులో నిండా వగరు. ఉప్పు పొన్న బెరడులో ఆ వగరు ఎంత ఉంటుందంటే, నైలాన్ రాకముందు జాలర్లు నూలు వలలు చివికిపోకుండా మడ చెట్ల బెరడు కషాయంలో నానబెట్టేవారు. బూజు పట్టకుండా వాడే మందులో బూజు కాపురం ఉండాలన్నమాట!

ఉంటోంది. ఎలాగంటే, గాలి ఉన్న చోట్లు వెతుక్కుంటుంది. చెట్టు పై నుంచి తెచ్చుకున్న గాలి వేరు చివర్ల దగ్గర కొంచెం కొంచెంగా బురదలోకి కారుతుంది. వేరు చుట్టూ ఆ సన్నని ఒరలో కొన్ని ఇల్లు కట్టుకుంటాయి. పోటుకి మునిగి పాటుకి తేలే వేళ్ల మీద, విరిగిపడిన కొమ్మల మీద ఇంకొన్ని. ఇక ఉప్పు సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు. ఈ శిలీంధ్రాలు తమ కణాల్లో గ్లిజరాల్‌లాంటి పదార్థాలు పోగుచేసుకుని, బయటి ఉప్పు ఎంత లాగినా లోపలి నీరు పోకుండా పట్టుకుంటాయి. ఆవకాయ జాడీలో ఓడిపోయిన బూజుకి లేని విద్య ఇది.

బీజాల తెలివి ఇంకా ముచ్చటగా ఉంటుంది. నీళ్లలో ప్రతి అలా కొట్టుకుపొమ్మంటుంటే ఒక పుల్లని పట్టుకోవడం ఎలా? హాలోసార్ఫియా అనే జాతిలో బీజానికి రెండు కొసలా చుట్టచుట్టిన తోకలు ఉంటాయి. ఉప్పునీరు తగలగానే అవి దారపు ఉండ విప్పినట్టు పొడుగ్గా విచ్చుకుని, ఎదురొచ్చిన కర్రకి చుట్టుకుంటాయి. లుల్వర్తియా అనే దానికి సన్నని పోగులాంటి బీజం, కొసల్లో బంక నిండిన చిన్న గదులు. తగిలినచోట అతుక్కుపోతుంది. ఇవన్నీ వెంట్రుక మందంతో కూడా పోల్చలేనంత చిన్నవి మరి.

అతిథులా... ఇంటివాళ్లా?

మడ బురదని తెచ్చి ప్రయోగశాలలో పళ్లెంలో పెంచితే మొదట మొలిచేవి ఏమిటో తెలుసా? ఆస్పర్జిల్లస్, పెనిసిలియం. అంటే రొట్టె మీద, నిమ్మకాయ మీద, చేలోని మట్టిలో ఎక్కడబడితే అక్కడ దొరికే మామూలు బూజులే. తల్లాడ చేల నుంచి మూటలో పోయినలాంటివే. అవి అక్కడ నిజంగా కాపురం చేస్తున్నాయా, లేక వరదకి కొట్టుకొచ్చి బీజం రూపంలో నిద్రపోతూ, పళ్లెంలో తీపి తగలగానే లేచాయా? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించింది. కోల్‌మేయర్ దంపతులు యాన్, ఎరికా 1979లో వెలువరించిన సముద్ర శిలీంధ్రాల గ్రంథం ఈ తేడాని గట్టిగా పట్టుకుంది. ఉప్పునీటిలోనే పెరిగి, అక్కడే బీజాలు పెట్టేవి ఇంటివాళ్లు. నేల మీది నుంచో మంచినీటి నుంచో వచ్చి అక్కడ కూడా పెరగగలిగేవి మరో తరగతి. ఊరికే నిద్రపోయేవాటికి ఈ లెక్కలో చోటు లేదు.

ఇంటివాళ్లను పట్టుకోవాలంటే పళ్లెం చాలదు, బురదలో దిగాలి. అమెరికాలో బార్గూర్న్, లిండర్ అనేవాళ్లు 1944లో సముద్రంలో మునిగిన కర్రల మీద శిలీంధ్రాలున్నాయని చూపించాక, 1950ల మధ్యలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో క్రిబ్ దంపతులు మడ చెట్ల వేళ్ల మీద వెతికారు. తెలుగు తీరానికి ఆ వెతుకులాట 1990ల్లో వచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర కేంద్రం తరఫున వి. వేంకటేశ్వర శర్మ, బి.పి.ఆర్. విఠల్ గోదావరి, కృష్ణ డెల్టాల మడ అడవులు రెండింటినీ గాలించారు. శర్మ తర్వాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

వాళ్ల పని చెప్పుకోవడానికి ఏమంత ఘనంగా ఉండదు. పాటు వేళ చూసుకుని మోకాళ్ల లోతు బురదలో దిగడం. ఉప్పు పొన్న ఊతవేళ్లు, మడ కొమ్మలు, చివికిన మొలకలు ఏరి సంచుల్లో వేసుకోవడం. తెచ్చి కడిగి, తేమ ఆరకుండా పెట్టెల్లో ఉంచి, కర్ర మీద లేచిన నల్లటి చుక్కలను బ్లేడుతో కోసి సూక్ష్మదర్శిని కింద చూడటం. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ, వందల ముక్కలు. ఏ చెట్టు మీద ఏవి? ఒకే చెట్టులో వేరు మీద ఏవి, మొలక మీద ఏవి? గోదావరిలో ఉన్నవి కృష్ణలోనూ ఉన్నాయా? ఈ లెక్కలన్నీ 2000, 2001 సంవత్సరాల్లో అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయ్యాయి. తరచుగా కనిపించినవాటిలో వెరుక్యులీనా ఎనాలియా ఒకటి. పేరు నోరు తిరగదు, చూడబోతే కర్రలో గుచ్చుకున్న నల్లటి ఆవగింజలంత కూడా ఉండదు. అయినా రెండు నదుల పేర్లు చెప్పుకుని గర్వపడే జాతికి, ఆ నదుల చివర ఎవరు కాపురముంటున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చినవాళ్ల పేర్లు తెలియకపోవడం కాస్త వెలితే.

ఎండుటాకు వంట

ఇంతకీ ఈ బూజు చేసే పనేమిటి?

మడ ఆకు రాలి నీళ్లలో పడింది. పచ్చిగా ఉన్నప్పుడే అది వగరు, ఉప్పు, పీచు. రాలేముందు చెట్టు అందులో ఉన్న కాస్త సారాన్నీ వెనక్కి లాక్కుంటుంది. ఆ ఆకు రొయ్యపిల్లకి పెట్టినా తినదు. కానీ పడిన ఒకటి రెండు రోజుల్లోనే శిలీంధ్రాల్లాంటి సూక్ష్మజీవులు ఈదుకుంటూ వచ్చి వాలతాయి. వాటి వెనక అసలు శిలీంధ్రాలు, బాక్టీరియా. పీచుని కరిగించి, నీళ్లలోని నత్రజనిని పట్టి, తమ ఒళ్లు పెంచుకుంటాయి. నెలలు గడిచేకొద్దీ ఆకు సన్నని ముక్కలవుతుంది, కానీ ముక్కలో బలం పెరుగుతుంది. ఒట్టి ఆకుగా పడినది సూక్ష్మజీవుల పూతతో మాంసకృత్తులున్న మేతగా మారుతుంది. దోసెల పిండి రాత్రంతా పులిసినట్టు! అప్పుడు వస్తాయి చిన్న పీతలు, రొయ్యపిల్లలు. వాటి కోసం చేపలు. చేపల కోసం కొంగలు, నీటిపిల్లులు, జాలర్లు.

ఈ గొలుసుని మొదట విప్పి చూపించినవాళ్లు 1960ల చివర అమెరికాలోని ఫ్లోరిడాలో పనిచేసిన ఎరిక్ హీల్డ్, విలియం ఓడమ్. ఒకరు ఆకులు ఎలా చివుకుతాయో చూస్తే, ఇంకొకరు చేపల పొట్టలు కోసి లోపల ఏముందో చూశారు. మొత్తం తిండి మడ ఆకుదే కాదని, బురద మీది నాచుకి కూడా పెద్ద వాటా ఉందని తర్వాతివాళ్లు సరిచేశారు. అయినా ఆకు తినే రూపానికి రావాలంటే ఈ వంటవాళ్ల చేతిలో పడాల్సిందే.

ఈ వంటింటి నుంచి మనుషుల వంటింటికీ ఒక దారి పడింది. 1988లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్త శేషగిరి రఘుకుమార్ మడ ఆకుల మీద బతికే ఒక కొత్త జీవిని వర్ణించి, దానికి మడ అడవి పేరే కలిపి స్కైజోకైట్రియం మాంగ్రోవీ అన్నారు. అచ్చంగా శిలీంధ్రం కాదు, దానికి దూరపు పోలిక. ఈ కుటుంబం జీవులు తమ ఒంట్లో డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 కొవ్వుని దండిగా దాచుకుంటాయి. ఇప్పుడు పసిపిల్లల డబ్బా పాల మీద 'డి.హెచ్.ఎ.' అని అక్షరాలు కనిపిస్తాయే, ఆ నూనెలో చాలా భాగం చేపల నుంచి తీసింది కాదు, ఈ కుటుంబంలోని జీవుల్నీ, కొన్ని సూక్ష్మ నాచుల్నీ పెద్ద తొట్లలో పెంచి తీసినది. అదే సంస్థలో చంద్రలత రఘుకుమార్ బృందం సముద్ర శిలీంధ్రాలతో కాగితం మిల్లుల రంగునీళ్లకి రంగు విరిచే ప్రయోగాలు చేసింది. కర్రని మెత్తబరచడం తెలిసినవాటికి కర్ర రంగుని విరచడం కష్టమా! సారపాకలో కాగితం మిల్లు పెట్టుకున్న భద్రాచలం ప్రాంతానికి ఇది ఆసక్తి కలిగించే సంగతే.

ఇక వేరు పొత్తు గురించి పడిన చిక్కుముడి. మిరపకీ టేకుకీ భాస్వరం తెచ్చిపెట్టే వేరు శిలీంధ్రాలు మడ చెట్లకి ఉన్నాయా? 1986లో తమిళనాడులోని పిచ్చవరం మడ అడవుల్లో వెతికిన శాస్త్రవేత్తలు లేవన్నారు. అంత ఉప్పులో, గాలి ఆడని బురదలో ఉండవని అందరూ ఒప్పుకున్నారు కూడా. 2002లో గంగ ముఖద్వారం దగ్గర సుందరవనాల చెట్ల వేళ్లు తీసి చూసిన సేన్‌గుప్తా, చౌధురి మాత్రం ఉన్నాయని చూపించారు. ఎలా? వేరు లోపల గాలి ప్రవహించే ఖాళీలు ఉన్నాయి కదా, చెట్టు గాలినే ఈ అద్దెకుండేవాళ్లూ పీలుస్తున్నారు! తర్వాత చైనా తీరంలోనూ ఇలాగే కనిపించాయి. ఉప్పు ఎక్కువైనచోట, రోజంతా మునిగి ఉన్నచోట ఇవి తగ్గిపోతాయి. నది నుంచి మంచినీళ్లు, కొత్త మట్టి వచ్చేచోట పొత్తు కుదురుతుంది.

కాళ్ల కింద మట్టి

కథలో దిగులు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. కొత్త మట్టి రావడం లేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయ భూ శాస్త్రవేత్త కె. నాగేశ్వరరావు బృందం 2010లో అచ్చేసిన లెక్కలు చూస్తే గుండె గుభేలుమంటుంది. 1970 - 79 మధ్య ధవళేశ్వరం దగ్గర గోదావరి మోసిన ఒండ్రు 15.02 కోట్ల టన్నులు. 2000 - 2006 నాటికి అది 5.72 కోట్ల టన్నులు. కృష్ణ సంగతి మరీ ఘోరం. 1966 - 69లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 90 లక్షల టన్నులున్నది 2000 - 2005 నాటికి నాలుగు లక్షల టన్నులకు పడిపోయింది. ఎగువన కట్టిన జలాశయాలన్నీ నీళ్లతోపాటు మట్టినీ ఆపేశాయి. అలలు తీరాన్ని కోస్తూనే ఉన్నాయి, పూడ్చే మట్టి మాత్రం రావడం లేదు. డెల్టా అంచులు వెనక్కి జరుగుతున్నాయి. గోదావరి లెక్కలు పోలవరం కట్టడానికి ముందువని కూడా గుర్తుపెట్టుకోవాలి.

జలాశయం కట్టడం తప్పని తల్లాడలో ఎవరూ అనరు, అనలేరు. సాగర్ కాలువ నీళ్లతో పండిన వరి తిన్న ఊరది. కృష్ణ నీళ్లు ఇక్కడి మడిలో నిలబడ్డాయంటే, అవి మోసుకెళ్లాల్సిన మట్టి ఎక్కడో ఆనకట్ట వెనక నిలబడిపోయిందనే. ఇది నేరం కాదు. కానీ ఖర్చు. ఆ ఖర్చు నాగాయలంక పడవవాళ్ల ఖాతాలో పడుతోంది.

మట్టి రాకపోవడం ఒక దెబ్బ అయితే, ఉన్న మట్టిని తవ్వేయడం ఇంకోటి. 1990ల్లో రొయ్యల చెరువుల జోరు తీరమంతా ఊపేసింది. మడ చెట్లు కొట్టి గట్లు పోశారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర పరిధిలోని చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కొత్త చట్టం వచ్చింది, చెరువులు కొనసాగాయి. ఇందులో ఒక విడ్డూరం ఉంది. గాలి తగలని మడ బురదలో గంధకం ఇనుముతో జట్టుకట్టి నిశ్శబ్దంగా పడి ఉంటుంది. తవ్వి ఎండలో పెడితే అది ఆమ్లంగా మారి నేల పుల్లబడిపోతుంది. అప్పుడు రైతు సున్నం బస్తాలు మోయాలి. పైగా ఆకునీ బురదనీ మేతగా మార్చే వంటవాళ్లని తరిమేసి, మేతని బస్తాల్లో కొని చెరువులో పోయాలి.

మంచి వార్త కూడా ఒకటి ఉంది. 1990ల చివర నుంచి కోరంగి, కృష్ణ తీరాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, మత్స్యకార గ్రామాలవాళ్లు కలిసి పాడైన మడ నేలల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలువ, అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. నిలవనీరు ఎండి ఉప్పు పేరుకుపోయిన గుంటల్లోకి మళ్లీ పోటు నీళ్లు వచ్చిపోవడం మొదలైంది. నాటిన మొక్కలు నిలబడ్డాయి. మడ చెట్టు నిలబడితే ఆకు రాలుతుంది. ఆకు రాలితే వాలేవాళ్లు వాలతారు.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలు ఇంకా జనానికి గుర్తే. ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీలు మునిగిపోయాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ గుండా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. బ్యారేజీ చరిత్రలోనే ఎప్పుడూ అంత పోలేదు. నీళ్లు తీశాక ఖమ్మంలో జనం పారలతో ఇళ్లలోంచి బురద ఎత్తిపోశారు. మంచాలు, పుస్తకాలు, పెళ్లి చీరలు వీధిలో ఆరేశారు. తడిసిన గోడల మీద బూజు పట్టింది. అదే రంగు బురద, అవే బీజాలతో, ఎత్తిన గేట్ల కింది నుంచి హంసలదీవి వైపు పోయింది. అక్కడ మడ వేళ్లు దాని కోసమే చేతులు చాచుకుని ఉన్నాయి.